నాన్న నైట్‌హాల్ట్

వైజాగ్ నుంచి నాన్న ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నావా అమ్మా". రెండోది "చిన్నోడేడీ". మూడోది మాత్రం "ఆ రోడ్డు ఏటైంది? బాగు చేసీసేరా, ఇంకా అలాగే ఒగ్గీసేరా?"

ఆ రోడ్డంటే కాలిఫోర్నియాలోని హైవే వన్. కార్మెల్ దాటింది మొదలు శాన్ సిమియన్ దాకా ఒక పక్క నిటారు కొండ, ఇంకో పక్క పసిఫిక్ సముద్రం, మధ్యలో రెండే లేన్లు. చలికాలం వానలకి ఎక్కడో ఓ చోట కొండ జారడం, నెలల తరబడి రోడ్డు మూతపడటం అక్కడ మామూలే. నాన్న ఆ రోడ్డు మీద వెళ్లింది జన్మలో ఒక్కసారి, 2015 డిసెంబరు ఆఖరి వారంలో. అదీ స్టీరింగ్ ముట్టుకోకుండా. అయినా దాని బాగోగులు తన డిపో పనే అన్నట్టు ఇప్పటికీ అడుగుతుంటాడు.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. 1980లో చేరి 2013లో రిటైరయ్యాడు. ఆ 33 ఏళ్లలో కొన్నేళ్లు పాడేరు ఘాట్ మీద, మిగతాదంతా విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వంటింటి రేకులు ఎగిరిపోయాయి. నాన్న వాటి సంగతి పట్టించుకోకుండా, గాలి తగ్గగానే సైకిలేసుకుని బీచ్ రోడ్డు ఎక్కడెక్కడ పోయిందో చూడ్డానికి వెళ్లాడని అమ్మ చాలాకాలం సాధించింది. ఆ మరుసటి ఏడాదే ఇద్దరినీ ఆరు నెలలకి మా దగ్గరికి, ఫ్రీమాంట్‌కి తీసుకొచ్చాం.

వచ్చిన నెలకే నాన్నకి పొద్దు గడవడం మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బండ్లు చూసేవాడు. ఆ వీధిలో ఎవరి కారు బ్రేకు అరిగిందో చప్పుడుని బట్టి చెప్పేవాడు. "మీ ఊళ్లో బస్సుల్లేవేటమ్మా?" అని అడిగితే ఒకరోజు ఎక్కించాం. ముప్పై నలభై సీట్ల బస్సులో మాతో కలిపి ఏడుగురం. సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్కని ఆర్టీసీలో ఓఆర్ అంటారు. "ఓఆర్ ఇలాగుంటే మా దగ్గర రూటే ఎత్తేస్తారు" అని దిగేదాకా దిగులుపడ్డాడు.

క్రిస్మస్ సెలవులకి ఆర్వీ అద్దెకి తీసుకుందామన్నది మా ఆయన. ఇల్లూ బండీ ఒకటేననీ, అమ్మ ఎక్కడికక్కడ వండుకోవచ్చనీ, మామగారికి బస్సు ఎక్కినట్టు ఉంటుందనీ ఆయన లెక్క. వేసవిలో అయితే వాటి అద్దె మన చేతికి అందదు. సముద్రతీరపు క్యాంపు స్థలాలైతే ఆరు నెలల ముందే అయిపోతాయి. చలికాలం కాబట్టి ఎవరో మానుకున్న చోటు మాకు దొరికింది. ఇంకో సంగతి, అక్కడ పొగమంచు పట్టేది ఎండాకాలంలో. డిసెంబరులో వాన లేని రోజు వచ్చిందంటే సముద్రం ఆ చివర దాకా కడిగిన పళ్లెంలా కనిపిస్తుంది. ఇది చాలామందికి తెలియదు, తెలియకపోవడమే మంచిది.

డిసెంబరు 26, శనివారం. బండి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాం. ముందు భాగం ఫోర్డ్ వ్యాను, వెనక తగిలించిన గది, మొత్తం 25 అడుగులు. డ్రైవర్ నెత్తి మీద ఒక పడక, వెనక ఒక పడక, మధ్యలో భోజనాల బల్ల, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్. పొయ్యికి రెండడుగుల దూరంలో బాత్రూం.

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "వంట పొయ్యి పక్కన దొడ్డేటే, ఛీ!" అంది. నెత్తి మీది పడకకి "అటక" అని పేరు పెట్టింది. మావాడికి అప్పుడు ఆరేళ్లు, అటక నాదే అని ఎక్కి కూర్చున్నాడు.

నాన్న లోపలికి రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లని కాలితో కొట్టి చూశాడు. వంగి కిందకి చూశాడు. వెనక చక్రం దగ్గర నిలబడి అక్కడ నుంచి బంపరు దాకా అడుగులు వేసి కొలిచాడు. "ఇంత తోక ఒగ్గీసేరేటి? ముక్కు కుడికి తిప్పితే తోక ఎడమకి విసురుతాది. చూసుకోండి అల్లుడుగారూ" అన్నాడు. మా ఆయన "అలాగేనండీ" అన్నారు. హాఫ్ మూన్ బే చేరీ చేరగానే పెట్రోలు బంకులో పసుపు రంగు ఇనప స్తంభానికి ఆ తోక తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, చెయ్యంత గీత. నాన్న ఒక్క మాట అనలేదు. అనకపోవడం మా ఆయనకి ఇంకా కష్టంగా ఉంది. తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వు డ్రైవర్ కూతురివి కదా" అని వెనక్కి వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నారు.

అక్కడ బీచ్ పక్కన పార్కింగ్ స్థలం ఒకటి దాదాపు ఖాళీగా ఉంది. బయల్దేరే ముందు నాన్న నన్ను అందులో అరగంట తిప్పించాడు. నీళ్ల సీసాలు నాలుగు గుర్తులుగా పెట్టి, వాటి మధ్యలోంచి వెనక్కి రమ్మన్నాడు. తను బండి వెనకాల, నా అద్దంలో కనబడేచోట నిలబడి, అరచేత్తో రేకు మీద కొడుతూ "రైట్... రైట్... రైట్... హోల్డాన్!" ముప్పై మూడేళ్లు కండక్టర్ల నోట విన్న మాటలు. తను అనడం నేను వినడం అదే మొదటిసారి. మూడు సీసాలు తొక్కాను. నాలుగోది మిగిలింది. "చాలు, పద" అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్నాక అసలు తమాషా మొదలైంది. అమెరికాలో స్టీరింగ్ ఎడమ పక్కన. అంటే పక్క సీటు కుడివైపు. నాన్న జీవితమంతా కూర్చున్న చోటు అదే. కాకపోతే ఎదురుగా స్టీరింగ్ లేదు. శాంటా క్రూజ్ దాకా ఆయన కుడి పాదం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి లేని గేరు కోసం గాల్లోకి వెళ్లి, మళ్లీ ఏమీ ఎరగనట్టు మోకాలి మీదకి వచ్చేది. నేను ఓరగా చూసి నవ్వితే "రోడ్డు చూడు" అనేవాడు. పిజన్ పాయింట్ దగ్గర తెల్లటి లైట్‌హౌస్ కనిపించింది. 1872 నాటిది, 115 అడుగుల ఎత్తు. నాన్న దాన్ని ఓసారి చూసి "భీమిలిలో ఉన్నదానికి అన్నయ్య" అన్నాడు. అంతే.

ఆ బండికి ఇంజను ముందు సీట్ల మధ్యలోకి చొచ్చుకుని వస్తుంది. పైన మూత. కాసేపటికి నాన్న దాని మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది. "ఓసోస్, ఇది మన బానెట్టే!" అన్నాడు, చిన్నప్పటి స్నేహితుడు కనిపించినట్టు. వెంటనే వెనక్కి తిరిగి, "ఏమే, పులిహోర డబ్బా ఇలాగందుకో" అన్నాడు.

పాత ఆర్టీసీ బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే లోపల ఉండేది. నాన్న క్యారియర్ ఎప్పుడూ ఆ బానెట్ మీదే. పొద్దున్న అయిదింటికి అమ్మ కట్టిన అన్నం మధ్యాహ్నం రెండింటికి తిన్నా వేడిగా ఉండేదట, కాస్త డీజిలు వాసనతో. ఈ బానెట్ మీద పులిహోర మాత్రమే కాదు, అయిదు రోజులూ మా ఇంటి పెరుగు కూడా తోడుకుంది. చలికి పాలు తోడుకోవడం లేదని అమ్మ ఒకటే గోల పెట్టేది ఫ్రీమాంట్‌లో. ఇక్కడ గిన్నెకి తువ్వాలు చుట్టి, నాన్న తన పాదాల మధ్య, బానెట్‌కి ఆనించి పెట్టుకున్నాడు. మలుపుల్లో పెరుగు గిన్నె మీద ఒక చెయ్యి, లేని గేరు మీద ఒక చెయ్యి.

ఆ రాత్రి మాంటెరేలో పడుకుని, మర్నాడు పొద్దున్న తొమ్మిది దాటాక కార్మెల్ మీదుగా బిగ్ సర్ వైపు తిరిగాం. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళితే సముద్రం కుడిచేతి పక్కన, మన లేనుకి ఆనుకునే ఉంటుంది. ఆగాలనుకుంటే ఎదురు లేను దాటక్కర్లేదు. అందుకే అందరూ అటు నుంచే వెళతారు. అయితే దాని అర్థం నాన్న కూర్చున్న కిటికీ కింద రోడ్డు ఉండదు. రెండు మూడు వందల అడుగుల లోతున అలలుంటాయి. చాలా చోట్ల రెయిలింగ్ కూడా లేదు. అమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామికి ఏవేవో మొక్కుకుంది. నాన్న మాత్రం తల బయటపెట్టి కిందకి చూసి, "తెల్ల గీతకి జానెడు ఇవతలుంది. బాగుంది, అలాగే రా" అంటూ కూర్చున్నాడు.

వెనక బండ్లు చేరుతుంటే నాకు టెన్షన్. అలాంటి రెండు లేన్ల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లే బండి వెనక అయిదు బండ్లు చేరితే పక్కకి తప్పుకుని దారివ్వాలని కాలిఫోర్నియాలో చట్టమే ఉంది. ఇది విన్నాక నాన్నకి పని దొరికింది. కుడి అద్దంలోకి చూస్తూ "రెండు... మూడు... ఎర్రకారు, నాలుగు... ఇక తియ్" అనేవాడు. నేను పక్కకి తీసేదాన్ని. వెళ్లిపోయేవాళ్లు చెయ్యి ఊపేవాళ్లు. "చూసేవా, హారన్ కొట్టకుండా దండం పెట్టి పోతున్నారు. మా ఘాట్‌లో జీపులోళ్లకి ఇది నేర్పాలి" అన్నాడు. ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని ఆయనకి గొప్ప పట్టింపు. ఆ మాట మీద పాడేరు ఘాట్‌లో పోట్లాడని జీపు డ్రైవరు లేడు.

బిక్స్‌బీ వంతెన గురించి నేను ముందే చదివి పెట్టుకున్నాను. లోయకి ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి ఒకే కాంక్రీటు కమాను, 260 అడుగుల ఎత్తు, 1932లో పూర్తయింది. అప్పటికి రోడ్డింకా పూర్తే కాలేదు. కొండల్ని డైనమైట్‌తో పేలుస్తూ రోడ్డంతా పూర్తయ్యేసరికి 1937 వచ్చింది, మొత్తం 18 ఏళ్లు పట్టింది. కూలి పనికి శాన్ క్వెంటిన్ జైలు నుంచి ఖైదీలని కూడా తెచ్చారు, రోజుకి 35 సెంట్లు కూలి, శిక్షలో కొంత తగ్గింపు. ఇదంతా గైడులా చెప్పుకుంటూ వస్తున్నాను. తీరా వంతెన పక్కన ఆగే స్థలం ఫొటోల జనంతో కిక్కిరిసి ఉంది. మా తోకకి అక్కడ చోటెక్కడ? ఆగకుండా దాటించేశాను. పదిహేను సెకన్లు. మా ఆయన వెనకనుంచి "అయిపోయిందా?" అన్నారు.

నాన్న మాత్రం మైలు దూరం పోయాక, "జైలోళ్ల చేత కట్టించేరన్నమాట" అన్నాడు. మళ్లీ కాసేపాగి, "రోడ్డేసినోడు ఆ రోడ్డు మీద బండిలో పోయుంటాడంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పెట్రోలు సంగతి చెప్పకపోతే నాన్న ఒప్పుకోడు. ఆ బండి గ్యాలనుకి ఎనిమిదిన్నర మైళ్లు ఇచ్చింది. ఆయన దాన్ని లీటర్లలోకి మార్చి 3.6 అని తేల్చాడు. ఆర్టీసీ డ్రైవర్లకి లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్న లెక్క, కేఎంపీఎల్, కులగోత్రాల కంటే ముఖ్యం. డిపోలో బోర్డు మీద పేర్లు రాస్తారు. బాగా తెచ్చినవాళ్లకి బహుమతులిస్తారు. మా ఇంట్లో హాల్లో ఉన్న గోడ గడియారం అలా వచ్చిందే. "యాభై మందిని ఎక్కించుకుని నేను అయిదుంపావు తెచ్చేను. అయిదుగురితో ఇది మూడున్నరా?" అని ఆ బండిని రోజుకి రెండు పూటలా తిట్టాడు. దిగుడు వచ్చిన ప్రతిచోటా నన్ను యాక్సిలరేటర్ మీద కాలు తియ్యమనేవాడు.

మెక్‌వే జలపాతం దగ్గర దిగాం. 80 అడుగుల పైనుంచి సన్నటి నీటిధార సరాసరి సముద్రపు ఇసకలో పడుతుంది. చూడముచ్చటగా ఉంది. బాగా చలిగా ఉంది. పది నిమిషాల్లో వచ్చేశాం.

మధ్యాహ్నం మూడున్నర దాటాక కర్క్ క్రీక్ చేరాం. సముద్రానికి వంద అడుగుల పైన గట్టు మీద, కొన్ని పదుల బండ్లు పట్టే క్యాంపు స్థలం. కరెంటు లేదు, నీళ్ల కుళాయి లేదు, ఫోను సిగ్నల్ లేదు. మా ఆయన ఫోను పట్టుకుని నాలుగు దిక్కులకీ తిరిగి, చివరికి జేబులో పెట్టుకున్నారు. నేను బండిని మా చోట్లోకి వెనక్కి పెట్టడం మొదలుపెట్టాను. నాన్న యథాప్రకారం రేకు మీద కొడుతూ "రైట్, రైట్". పక్క బండిలో ముసలి దంపతులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాన్న "హోల్డాన్!" అని అరవగానే ఆ పెద్దాయన చప్పున లేచి నిలబడి చేతిలో కప్పు గట్టిగా పట్టుకున్నాడు. నాన్న మాటల్లో ఆయనకి అర్థమైంది ఆ ఒక్కటే మరి. అయిదింటికే సూర్యుడు సముద్రంలో పడిపోయాడు.

చారు, వేపుడు, ఆవకాయ. అమ్మ ఆ రోజు మొదటిసారి ఆ పొయ్యి మీద మనసు పెట్టి వండింది. తిని తొమ్మిదింటికల్లా పడుకున్నాం, గ్యాస్ హీటరు వేసుకుని.

తెల్లవారుజామున మూడింటికి కీచుమంటూ ఒక చప్పుడు. ఆగి ఆగి మళ్లీ. మావాడు అటక మీదనుంచి "పిట్టా?" అన్నాడు. మా ఆయన టార్చి వేసి మాన్యువల్ తిరగేశారు. సంగతేంటంటే ఆ హీటరు మండేది గ్యాస్‌తో అయినా వేడి గాలిని తోసే ఫ్యాను తిరిగేది బండి బ్యాటరీతో. ఎక్కడా తీగ తగిలించని చోట రాత్రంతా వేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. హీటరు ఆగిపోయింది. గ్యాసు పసిగట్టే యంత్రమేమో కరెంటు చాలక అరుస్తోంది. జనరేటరు వేద్దామంటే రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా వెయ్యకూడదు. మా ఆయన అద్దెకిచ్చినవాళ్లని తిట్టుకుంటూ మళ్లీ మాన్యువల్ తీశారు.

నాన్న అప్పటికే లేచి ఉన్నాడు. మంకీ క్యాప్, మెడకి మఫ్లరు, స్వెట్టరు మీద స్వెట్టరు. బానెట్ మీద చెయ్యి వేసి, "చల్లారిపోనాది" అన్నాడు.

ఆ మాటతో నేను ఒక్కసారిగా నాలుగో తరగతిలోకి వెళ్లిపోయాను.

సంక్రాంతి సెలవులు. నాన్న అప్పుడు ఏజెన్సీ రూటులో ఉన్నాడు. పాడేరు దాటి ఎక్కడో ఒక ఊరికి సాయంత్రం చేరే బస్సు, రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే బయల్దేరుతుంది. దాన్ని నైట్‌హాల్ట్ అంటారు. నెలలో సగం రాత్రులు నాన్న ఇంట్లో ఉండేవాడు కాదు, ఎందుకంటే నైట్‌హాల్ట్. నాకు అదేదో పెద్ద హోటలు పేరని లోపల ఒక అనుమానం ఉండేది. చూపించమని ఏడిస్తే తీసుకెళ్లాడు. చీకటి పడ్డాక ఊరి చివర చింతచెట్టు కింద బస్సు ఆపి, లైట్లు తీసేసి, "ఇదే" అన్నాడు. కండక్టరు బాబాయ్ మూడు సీట్ల మీద పడుకున్నాడు. నాన్న బానెట్ మీద దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టాడు. మెత్తగా కాదు గానీ, భలే వెచ్చగా ఉంది. కింద ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటూ ఉండేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను. అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తే కింద ఇనుము మంచుగడ్డ. నా మీద నాన్న ఖాకీ చొక్కా కూడా కప్పి ఉంది. నాన్న స్టీరింగ్ ముందు బనీనుతో, దుప్పటి ముసుగేసుకుని, కూర్చునే ఉన్నాడు. ఏం నాన్నా అంటే, "చల్లారిపోనాదమ్మా. పడుకో" అన్నాడు.

కర్క్ క్రీక్‌లో ఆయన తలుపు తీసుకుని కిందకి దిగాడు. నేనూ కంబళి తీసుకుని వెనకాలే దిగాను. ఆ ఏడాది సరిగ్గా క్రిస్మస్ రోజున పౌర్ణమి పడింది. అలా పడటం 1977 తర్వాత అప్పుడేనట. రెండ్రోజులు గడిచినా చంద్రుడు ఇంకా గుండ్రంగానే, బాగా ఎత్తున ఉన్నాడు. కింద అలలు బండరాళ్లకి కొట్టుకుంటున్న చోట మాత్రం తెలుపు, మిగతాదంతా వెండి రేకు. బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

"నాన్నా, అన్నేళ్లు భీమిలి రోడ్డులో తిరిగావు కదా. ఎప్పుడైనా ఆపి చూశావా, సముద్రాన్ని?"

"ఆపితే టైమింగ్ ఏటవ్వాల?"

"ఒక్కసారి కూడానా?"

కాసేపు ఆలోచించాడు. "ఒకపాలి ఆగేను. తొట్లకొండ దాటేక. వెనక టైరు పంచరైపోతే. ప్యాసింజర్లందరూ దిగి ఇసక్లోకెళ్లి ఆడుకున్నారు. నేనూ కండక్టరూ స్టెప్నీ మార్చేం. అది బిగించీసరికి ఎక్కండెక్కండి అని విజిలేసీసేడు." మఫ్లరు సర్దుకున్నాడు. "సముద్రమంటే నాకు అద్దం మీద ఉప్పే తెలుసమ్మా. సాయంత్రం ట్రిప్పుకి అద్దం మసకైపోయేది. ఎన్నిసార్లు తుడిచినా అంతే."

తర్వాత ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన చూస్తూ కూర్చున్నాడు. నేను మధ్యలో రెండుసార్లు కునుకు తీశాను. ఆరున్నరకి కొండల వెనక తెల్లబడుతుండగా ఆయన లేచి, పాత పేపరు తడిపి, బండి ముందద్దం తుడవడం మొదలుపెట్టాడు. దాని నిండా ఉప్పు.

మర్నాడంతా అమ్మది. శాన్ సిమియన్‌కి కొంచెం ఇవతల పియెడ్రాస్ బ్లాంకాస్ దగ్గర రోడ్డు పక్కనే బీచి నిండా ఎలిఫెంట్ సీళ్లు. పేరుకి తగ్గట్టు మగవాటికి తొండంలాంటి ముక్కు, రెండు టన్నుల బరువు. 1990లో కొన్ని వచ్చి చేరాయట, ఆ తర్వాత ప్రతి చలికాలం వేల సంఖ్యలో వస్తున్నాయి. డిసెంబరు మధ్య నుంచి ఈతలు మొదలు. మేం వెళ్లేసరికి నల్లటి పిల్లలు తల్లుల పొట్టలకి అంటుకుని ఉన్నాయి. చూడ్డానికి బురదలో పడుకున్న గేదెల్లా ఉంటాయి, అరుపు మాత్రం, నాన్న మాటల్లో, "చలికి పొద్దున్నే స్టార్టవ్వని లేలాండ్ ఇంజను".

అక్కడ నీలం జాకెట్ వేసుకున్న వాలంటీరు ఒకావిడ అడిగినవాళ్లకి వివరాలు చెబుతోంది. తల్లి సుమారు నాలుగు వారాలు పిల్లకి పాలిస్తుంది, అన్నాళ్లూ తను ఒక్క ముద్ద తినదు, నీళ్లలోకి దిగదు అని చెప్పింది. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ రెయిలింగ్ పట్టుకుని వంగి ఒక తల్లి సీలునే అలా చూస్తూ ఉండిపోయింది. "నెల్లాళ్లా? మాకు పత్యంలో కందిపొడీ నెయ్యన్నా పెట్టేవారు" అంది. గంట దాటినా అక్కడ నుంచి కదలదే! చివరికి ఆ వాలంటీరు చెయ్యి పట్టుకుని, తెలుగులోనే, "దాని మొగుడెక్కడ?" అని అడిగింది. నేను అనువదించాను. ఆవిడ నవ్వి, అరుచుకుంటూ ఇంకో మగదాని మీదకి పోతున్న ఒక పెద్ద సీలుని చూపించింది. అమ్మ తల ఊపింది, అనుకున్నాను అన్నట్టు.

శాన్ సిమియన్ క్యాంపులో ట్యాంకులు ఖాళీ చెయ్యాల్సిన ఘట్టం. బాత్రూంది నల్ల ట్యాంకు, వంటింటి నీళ్లది బూడిదరంగు ట్యాంకు. ముందు నల్లది వదలాలి, తర్వాత రెండోది. ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. మా ఆయన చేతులకి గ్లవుజులు, మొహానికి గుడ్డ, ఒక యుద్ధానికి తయారైనట్టు దిగారు. నాన్న ఆయన్ని పక్కకి తప్పించి తనే పని కానిచ్చేశాడు. "మీకెందుకండీ మావయ్యగారూ" అంటే, "డిపోలో బస్సులు కడగలేదేటి నేను? వాంతులు కడిగేను, ఎవడో మర్చిపోయిన కోడి గుడ్లు పగిలిపోతే కడిగేను" అని పాత లెక్కలు చెబుతూ గొట్టం చుట్టేశాడు. అమ్మ ఆ బాత్రూం వాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

పిస్మో బీచిలో సీతాకోకచిలకలు. నారింజ, నలుపు చారల మోనార్కులు, చలికాలానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడి చెట్లకి గుత్తులుగా వేలాడుతాయి. రెక్కలు మూసుకుని ఉంటే ఎండుటాకులే అనుకుంటాం. ఎండ తగలగానే ఆ ఎండుటాకులన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. "ఇవి మన జామాయిల్ చెట్లే కదే" అని అమ్మ ఒక ఆకు నలిపి వాసన చూసింది. అవే. అక్కడి నుంచి వన్ నాట్ వన్ హైవే పట్టుకుని, వెళ్లేటప్పుడు నాలుగు రోజులు పట్టిన దూరాన్ని ఒక్క పూటలో వెనక్కి వచ్చేశాం. ఆ దారి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరిలో వాళ్లు వెళ్లిపోయారు. 2017 ఫిబ్రవరిలో వానలకి కొండ జారి బిగ్ సర్‌లో ఫైఫర్ క్యాన్యన్ వంతెన బీటలు వారింది. కొట్టేసి కొత్తది కట్టారు. మే నెలలో గోర్డా దాటాక మడ్ క్రీక్ దగ్గర కొండకి కొండే సముద్రంలోకి జారిపోయి, మేం వెళ్లిన రోడ్డు పావు మైలుకి పైగా దాని కింద పడిపోయింది. వీడియో కాల్‌లో ఫొటోలు చూపిస్తే నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆ ముసలాయన, కప్పు పట్టుకున్నాయన, బాగున్నాడా?" అని అడిగాడు. ఎలా తెలుస్తుంది మనకి! 2018 జులైలో ఆ జారిన మట్టి మీదనుంచే కొత్త రోడ్డు వేసి తెరిచారని చెబితే, "జారిందాని మీదే ఏసేరా? మగోళ్లు" అన్నాడు. 2021 జనవరిలో మళ్లీ ఇంకో చోట తెగింది. మళ్లీ ఫోన్లు.

మొన్న దసరాకి ఇల్లు సర్దుతుంటే అలమరలో నాన్న వదిలేసిన చిన్న పాకెట్ డైరీ దొరికింది. మధ్యలో అయిదు పేజీలకి స్కేలు పెట్టి గళ్లు గీశాడు. ఆర్టీసీ లాగ్‌షీట్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. 27వ తేదీ పేజీ ఇలా ఉంది. బయలుదేరింది: మాంటెరే, 9.10. చేరింది: కర్క్ క్రీక్, 3.40. దూరం: సుమారు 95 కి.మీ. కేఎంపీఎల్: 3.6, పక్కన ఎర్ర ఇంకుతో గీత. లోపాలు: బ్యాటరీ వీక్, వెనక మెట్టు లూజు. నైట్‌హాల్ట్: అవును.

డ్రైవరు అన్న గడిలో నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. కండక్టరు అన్న గడిలో తన సంతకం. ప్యాసింజర్లు: 3. ఆ మూడులో తనని కూడా కలిపేశారని మా ఆయన ఇప్పటికీ గుర్రుగానే ఉన్నారు.